తాళం తీసి చేసిన పరీక్ష

పుణె
జూన్ 8

సౌజన్యకు,

ఇది మెయిలే అయినా ఉత్తరమనుకో. పైన ఊరూ తేదీ పెట్టాను చూడు, నువ్వూ అలాగే పెట్టి రాయాలి. గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఇంకొన్నాళ్ళు నోరు విప్పొద్దన్నాడు డాక్టరు. ఫోన్ ఎలాగూ కుదరదు, ముక్కలు ముక్కలుగా మెసేజ్‌లు కొట్టుకోవడం నాకు చిరాకు. మీ అన్నయ్య ఆనందం మాత్రం చెప్పనలవి కాదు. "పెండ్లైనప్పటి సంది ఇంట్ల గింత ప్రశాంతంగ ఎన్నడు లేకుండె" అని నా ఎదురుగానే ఆఫీసువాళ్ళతో అంటున్నాడు. గొంతు రానీ, ఆయన సంగతి చెబుతాను.

అసలు విషయం. జీతం భత్యం లేకుండా మనమంతా కలిసి తయారుచేస్తున్న మన తెలుగు ఆపరేటింగ్ సిస్టం 'తంగేడు' ఉంది కదా, ఈసారి విడుదల బాధ్యత నా నెత్తిన పెట్టారు. ఊరికే పనిచేసేవాళ్ళకు పదవులివ్వడంలో మనవాళ్ళకు మనవాళ్ళే సాటి. కనుక మీ దిల్‌సుఖ్‌నగర్ ఇన్‌స్టిట్యూట్‌లోని పరీక్షల గది మీదే నా భారం. ప్రమాణాల పత్రం పంపుతున్నాను. అందులో 'తప్పనిసరి' అన్నవాటిలో ఏ ఒక్కటి తప్పినా విడుదల ఆగాలి. 'ఉంటే మంచిది' అన్నవి తప్పితే చూసీ చూడనట్టు పోవచ్చు.

ఈసారి ఒక విశేషం ఉంది. మీట నొక్కగానే వచ్చే తొలి తెర ఇన్నాళ్ళూ ఇంగ్లీషులోనే ఉండేది. ఇప్పుడు అక్కడి నుంచే తెలుగు. ఆ అక్షరాలు నేనే గీశాను, ఒక్కొక్క చుక్కా పెట్టుకుంటూ. అంత చిన్న తెరలో వత్తు జారిపోకుండా, గుడి తెగిపోకుండా నిలబెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. 'స్వాగతం'లో స్వ ఎలా కుదిరిందో చూసి చెప్పు. పాలకొల్లులో మా నాన్న చూస్తే ముగ్గులు వేయడం రాదు కానీ అక్షరాలు వేసిందే అనేవారు.

మీ వదిన
సూర్యప్రభ


దిల్‌సుఖ్‌నగర్
జూన్ 21

వదినకు,

నీ 'స్వ' చూశాను. దిష్టి చుక్క పెట్టేలా ఉంది. తెర వెలిగి ఆ అక్షరాలు రాగానే మా ఇన్‌స్టిట్యూట్‌లో ట్యాలీ నేర్చుకునే పిల్లలు క్లాసు వదిలేసి వచ్చి చూశారు. ఒకమ్మాయి ఆపి, మళ్ళీ ఆన్ చేసి, మళ్ళీ చూసింది.

పరీక్షలు అయిపోయాయి. మా గదిలోనే కాదు, కొత్తపేట, నాగోలు, వనస్థలిపురం నుంచి మన టెస్టర్లందరూ ఫలితాలు పంపారు. తప్పనిసరి నిబంధనలన్నీ పాస్. సెక్యూర్ బూట్ అనే తాళం వేసిన మెషిన్లలో తెరుచుకోవాలన్న నిబంధన కూడా పాస్. నువ్వు నిశ్చింతగా ఉండు.

ఇంకో మాట. నిన్ను అడక్కుండా ఒకరికి మాటిచ్చాను. చైతన్యపురి మెట్రో వెనక సందులో యాదలక్ష్మక్క అని ఒకామె స్టడీ హాల్ నడుపుతుంది. మునుగోడు వైపు మనిషి. ఆమె హాల్‌కు వచ్చేదంతా గ్రూప్స్‌కూ డీఎస్సీకీ తయారయ్యే ఆడపిల్లలు, ఎక్కువమంది తెలుగు మీడియం. హైటెక్ సిటీలో ఏదో ఆఫీసు ఎత్తేస్తుంటే వాళ్ళ పాత లాప్‌టాప్‌లు ఒక లాటు కొనుక్కొచ్చింది, పిల్లలు ఆన్‌లైన్ ప్రాక్టీసు పరీక్షలు రాసుకోవడానికి. వాటిలో ఉన్న విండోస్‌కు కాలం చెల్లింది, పరీక్షల ప్రోగ్రాం ఇక దాంట్లో నడవనంటోంది. కొత్త విండోస్‌ను ఆ మెషిన్లు మోయలేవు. మెయిన్ రోడ్డు మీద ఏసీ స్టడీ హాల్ ఒకటి కొత్తగా తెరిచారు, అక్కడ కొత్త కంప్యూటర్లు ఉన్నాయి. ఈమె దగ్గర పరీక్షలు నడవకపోతే పిల్లలు అటు పోతారు, పిల్లలు పోతే హాల్ మూతే.

"చెల్లె, నువ్వు ఎట్లనన్న జేసి గివి నడిపియ్యి. నా బతుకంత గీ హాల్ మీదనే ఉన్నది" అంది. మన తంగేడులో తెలుగు మీడియం ప్రాక్టీసు పరీక్షల ప్రోగ్రాం ఈ విడుదలకే వస్తోంది కదా. విడుదల కాగానే నేనే వచ్చి వేస్తానని చెప్పాను. తప్పు చేశానా?

నీ
సౌజన్య


పుణె
జూన్ 25

సౌజన్యా,

తప్పేముంది, మంచి పని చేశావు. మనం చేసేదంతా చివరికి ఇలాంటి గదిలో పనికొస్తేనే కదా. కానీ విడుదల దాకా ఆగడమెందుకు? పరీక్షల కాపీ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళి ముందే ఒకసారి తెరిచి చూపించు. ఆమెకూ ధైర్యంగా ఉంటుంది. ఆడపిల్లలు నా అక్షరాలు చూసి ఏమన్నారో రాయడం మరిచిపోకు. మెప్పు కోసమే అడుగుతున్నానని నీకు తెలుసు, అయినా అడుగుతున్నాను.

సూర్యప్రభ


ఎల్.బి.నగర్
జూలై 3

వదినా,

ఒక వింత జరిగింది. పొద్దుటి నుంచీ బుర్ర గోక్కుంటున్నాను.

నిన్న వానలో తడుస్తూ యాదలక్ష్మక్క హాల్‌కు వెళ్ళాను. కింద టిఫిన్ సెంటర్, పైన హాల్. పిల్లలందరూ పుస్తకాలు మూసి నా చుట్టూ చేరారు. పెన్‌డ్రైవ్ పెట్టి మీట నొక్కాను. నీ అక్షరాలు రాలేదు. ఎర్రటి పెట్టె వచ్చింది, అందులో భద్రతా ఉల్లంఘన అని ఇంగ్లీషులో ఒక ముక్క. మెషిన్ అక్కడే ఆగిపోయింది. ఇంకో లాప్‌టాప్‌లో పెట్టాను, అదే ఎర్ర పెట్టె. అన్నిట్లోనూ అంతే.

"ఏమైంది చెల్లె, గట్ల ఎర్రగ ఒచ్చింది? కరాబైనయా ఏంది?" అని యాదలక్ష్మక్క పరేషాన్ అయిపోయింది. కరాబు కాలేదని చెప్పి, వాటిలో ఒకదాన్ని సంచీలో వేసుకుని మా గదికి తెచ్చాను. అదే పెన్‌డ్రైవ్ మా మెషిన్లలో పెడితే హాయిగా తెరుచుకుంటోంది, నీ స్వాగతంతో సహా. పక్కనే ఉన్న ఆమె లాప్‌టాప్‌లో పెడితే ఎర్ర పెట్టె!

ఇది సెక్యూర్ బూట్ గొడవలా కనిపిస్తోంది. మెషిన్ లేవగానే లోపలికొచ్చే ప్రతి ప్రోగ్రాం మీదా సరైన ముద్ర ఉందా అని చూసే తాళం అది, ముద్ర లేకపోతే గడప దాటనివ్వదు. ఆ మాటే యాదలక్ష్మక్కకూ చెప్పాను. "మరి ముద్దెర ఏసుకొని రావాలె గద" అంది. కానీ వదినా, తాళం వేసిన మెషిన్లలో తెరుచుకోవాలన్న నిబంధన మనం పరీక్షించాం, పాస్ అయింది. మరి ఇక్కడేమిటి?

తాళం తీసేద్దామంటే అదీ కుదరడం లేదు. వాటిని అమ్మిన ఆఫీసువాళ్ళు సెట్టింగులకు పాస్‌వర్డ్ పెట్టి పోయారు, అదేమిటో చెప్పేవాళ్ళే లేరు. మా ఇన్‌స్టిట్యూట్ సెల్లార్‌లో లాప్‌టాప్ రిపేర్లు చేసే శ్రీనివాస్ ఒకదాన్ని విప్పి, బోర్డు మీద ఏదో చేసి పాస్‌వర్డ్ చెరపబోయాడు. అది ఇప్పుడు అసలే లేవడం లేదు. మిగతావాటి మీద చేయి వేయొద్దని చెప్పాను.

నీకేమైనా తోస్తోందా?

సౌజన్య


పుణె
జూలై 5

సౌజన్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకే పెన్‌డ్రైవ్ ఒక బల్ల మీద లేచి, పక్క బల్ల మీద పడుకుంటోందంటే తేడా పెన్‌డ్రైవ్‌లో లేదు, బల్లల మీద ఉంది.

నాకు ఒక్క అనుమానం. మన మెషిన్లలో ఆ తాళం నిజంగా వేసి ఉందా? ఉందని ఎవరైనా సెట్టింగుల్లోకి వెళ్ళి కళ్ళతో చూశారా, లేక కొన్నప్పుడు ఉంటుంది కదా అని అనుకున్నారా? ఈ రోజుల్లో ఏ కంపెనీ లాప్‌టాప్ అయినా తాళం వేసే వస్తుంది, కాబట్టి ఉంటుందనే మనమందరం అనుకుంటాం. ఒక్కసారి చూడు. ముందు నీ సొంత లాప్‌టాప్ చూడు.

ఇది తేలేదాకా నాకు అన్నం సహించదు. డాక్టరు మాట్లాడొద్దన్నాడు కానీ ఆలోచించొద్దని అనలేదు.

సూర్యప్రభ


దిల్‌సుఖ్‌నగర్
జూలై 9

వదినా,

దొరికింది. దొరికాక నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు.

నా సొంత లాప్‌టాప్‌లో తాళం తీసి ఉంది. మా గదిలో అన్నిటికీ తీసే ఉంది. నేనెప్పుడూ ముట్టుకోలేదు. ఎవరు తీశారా అని ఆలోచిస్తూ సెల్లార్‌లోకి దిగాను. శ్రీనివాస్ ఎవరిదో లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. "నువ్వు నా మెషిన్లలో సెక్యూర్ బూట్ ఏమైనా కదిలించావా?" అని అడిగాను. నన్ను ఎగాదిగా చూశాడు.

"కదిలిచ్చుడేంది అక్కా? నా కాడికి ఏ మిషన్ ఒచ్చినా ఫస్టు గదే బంద్ చేస్త. గది ఆన్ ఉంటే సగం పెన్‌డ్రైవులు తీస్కోవు. కస్టమర్ మల్ల తిరిగొచ్చి లొల్లి చేస్తడు. కొత్తదైనా సరే, పాతదైనా సరే, ముందు గది బంద్. అటెన్కనే మిగతా పని."

"నాకు చెప్పలేదేం?"

"గిది సుత చెప్తరా? దుమ్ము తుడిసి ఇచ్చిన అని చెప్తనా ఏంది?"

వదినా, నా మెషిన్లన్నీ శ్రీనివాస్ దగ్గర కొన్నవే. గ్రూపులో అడిగాను. కొత్తపేట, వనస్థలిపురం వాళ్ళవీ అతని దగ్గర కొన్నవే. నాగోలు వాళ్ళు కొత్తవే కొన్నారు కానీ ర్యామ్ వేయించడానికి అతని దగ్గరికే తెచ్చారు. నమ్మకస్తుడని మనవాళ్ళకు అందరికీ అతని అడ్రసు ఇచ్చింది నేనే! అలా మన టెస్టర్ల మెషిన్లన్నీ ఒకే చేతి మీదుగా వచ్చాయి, ఆ చేయి అన్నిటికీ తాళం తీసేసింది. మనం తాళం తీసిన తలుపులు తోసి చూసి, తాళంతో కూడా తెరుచుకుంటోందని రాసుకున్నాం.

నా లాప్‌టాప్‌కు తాళం వేసి మళ్ళీ పరీక్షించాను. అదే ఎర్ర పెట్టె. మిగతావాళ్ళకూ అంతే. కాబట్టి ఆ పాస్‌లన్నీ తీసేసి ఫెయిల్ అని మార్చాను. ఇది తప్పనిసరి నిబంధన. విడుదల ఆగుతుందని నాకు తెలుసు, కోపగించుకోకు.

ఇప్పుడు అసలు ప్రశ్న. పోయినేడాది విడుదల చేసిన తంగేడును యాదలక్ష్మక్క లాప్‌టాప్‌లో పెట్టి చూశాను. తాళం ఉన్నా తెరుచుకుంది! కాకపోతే అందులో ప్రాక్టీసు పరీక్షల ప్రోగ్రాం నడవదు, కనుక ఆమెకు పనికిరాదు. మరి పోయినేటికీ ఈయేటికీ మధ్య ఆ గడప దగ్గర ఏం మారింది? నీకు గానీ, కోడు రాసే కార్తీక్‌కు గానీ తెలిసి ఉండాలి. తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది.

సౌజన్య


పుణె
జూలై 16

సౌజన్యా,

నీ ఉత్తరం అందింది. శ్రీనివాస్ కథ చదివి మీ అన్నయ్య పడీ పడీ నవ్వాడు.

కారణం కొంచెం చిక్కుగా ఉంది. కార్తీక్‌తో మాట్లాడుతున్నాను. నువ్వు కంగారు పడకు. తాళం తీయడానికి వీల్లేని మెషిన్లు ఎంతమంది దగ్గర ఉంటాయి చెప్పు? యాదలక్ష్మి గారికి ఈలోగా వేరే సిస్టం ఏదైనా వేసి చూడరాదూ?

ఇక్కడ వానలు విడవడం లేదు. మీ అన్నయ్య వంట నేర్చుకుంటానని నిన్న పచ్చిపులుసు చేశాడు. బాగానే ఉంది. నా గొంతు కొద్దికొద్దిగా పెగులుతోంది.

ఉంటాను.
సూర్యప్రభ


ఎల్.బి.నగర్
జూలై 24

సూర్యప్రభ గారికి,

సౌజన్య నమస్కరించి రాయునది.

మీరు పదిహేడో తారీఖున అందరికీ పంపిన ప్రతిపాదన చూశాను. 'సెక్యూర్ బూట్ ఉన్న యంత్రాలలో తెరుచుకోవాలి అనే నిబంధనను తప్పనిసరి నుంచి ఉంటే మంచిది అనే విభాగానికి మార్చవలెను' అని ఉంది. కింద మీ పేరే ఉంది. నాకు పచ్చిపులుసు గురించి రాసిన మర్నాడే అది పంపారు.

మీరు చెప్పినట్టే వేరే సిస్టం వేసి చూశాను. పెద్దవి ఆ మెషిన్ల మీద నత్తలా నడుస్తున్నాయి, వాటిలో మన పరీక్షల ప్రోగ్రాం లేదు. నిన్న యాదలక్ష్మక్క హాల్‌కు వెళ్ళాను. సగం కుర్చీలు ఖాళీ. మిగిలిన పిల్లలు ఎప్పుడొస్తుందక్కా అని అడిగారు. ఏం చెప్పమంటారు? మా దగ్గర తప్పు బయటపడింది, అందుకని తప్పు కాదని రాసుకుంటున్నాం అని చెప్పనా? ఫెయిల్ అని మార్చినప్పుడు విడుదల ఆగితే ఆగుతుంది, సరిచేస్తారు అనుకున్నాను. పరీక్షనే తీసేస్తారనుకోలేదు.

"నువ్వేం పరేషాన్ గాకు చెల్లె. హాల్ పోతే కింద టిఫిన్ సెంటర్ల ఇడ్లీలు ఏస్త" అని యాదలక్ష్మక్క నవ్వింది. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

గడప దగ్గర ఏం మారిందని అడిగాను. మీకు తెలుసు. అందుకే చెప్పలేదు. నాకు చాలా కష్టంగా ఉంది. విడుదల బాధ్యురాలికి కాదు, మా వదినకు నేను ఆ ప్రశ్న వేసింది.

సౌజన్య


పుణె
జూలై 27

సౌజన్యా,

'గారు' అన్నావు చూడు, ఆ ఒక్క మాటకు రోజంతా కూర్చోలేకపోయాను. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు పెద్దలు. తిట్టి ఉంటే బాగుండేది.

అడిగావు కాబట్టి చెబుతాను. మారింది నా అక్షరాలు.

మీట నొక్కగానే ముందుగా లేచే చిన్న ముక్క ఒకటి ఉంటుంది. దాని మీద ముద్ర వేసేది మనం కాదు, బయటి పెద్ద కంపెనీ. పోయినేడాది ముక్కకు ఆ ముద్ర ఉంది. దాంట్లో ఒక్క చుక్క మార్చినా ముద్ర చెల్లదు. నేను మార్చింది ఒక్క చుక్క కాదు, తెలుగంతా అందులో పెట్టించాను. కొత్త ముద్రకు కార్తీక్ అప్పుడే అర్జీ పెట్టాడు, వరుస కదలడం లేదు, నెలలు పట్టేలా ఉంది. మీ దగ్గర అన్నీ పాస్ అని వచ్చేసరికి ముద్ర వచ్చేసిందేమో అనుకుని సంబరపడ్డాను. పోయినేడాదిది తెరుచుకుందని నువ్వు రాసిన వాక్యం దగ్గర నాకు అర్థమైపోయింది.

సరిచేయడం చాలా తేలిక. పాత ముక్క తిరిగి పెడితే చాలు, యాదలక్ష్మి గారి లాప్‌టాప్‌లు తెరుచుకుంటాయి. కానీ తొలి తెర మళ్ళీ ఇంగ్లీషవుతుంది. నేను గీసినదంతా పోతుంది. నీకు ఎలా చెప్పను? ఆపరేషన్ గురించి భయపడుతున్న రోజుల్లో గీశాను వాటిని. గొంతు తిరిగి రాకపోతే ఎలా అని రాత్రింబవళ్ళు అదే ధ్యాసగా ఉన్నప్పుడు, కూర్చుని 'స్వ' కింద వత్తు సరిచేసుకుంటుంటే కాస్త ఊపిరాడేది. కొన్ని వేలమంది తమ మెషిన్లు లేవగానే నా చేతిరాత చూస్తారనుకున్నాను. అది వదులుకోలేక నిబంధన మారుద్దామనిపించింది. విడుదల ఆలస్యం కాకూడదని అందరికీ రాశాను కానీ అసలు సంగతి ఇది. నీకు రాయడానికి సిగ్గేసి వానల గురించి రాశాను.

శనివారం మీటింగ్. అక్కడ తేలాలి. నేనింకా ఏమీ తేల్చుకోలేదు, అబద్ధమెందుకు.

నీ వదిన


ఎల్.బి.నగర్
జూలై 29

వదినా,

నీ ఉత్తరం చదివాను. ఆపరేషన్ ముందు నువ్వు అంత భయపడ్డావని నాకు తెలియదు. ఫోన్‌లో జోకులే వేసేదానివి.

నీ అక్షరాలు తీసేయమని నేను అడగను. ఆ మాట నా నోటి నుంచి రాదు. ముద్ర వచ్చేదాకా ఆగుదామంటే ఆగుదాం, యాదలక్ష్మక్కకు నేనే వెళ్ళి చెబుతాను. ఆమె అంతవరకు నిలదొక్కుకోలేదు, అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా చెబుతాను. నిబంధన మాత్రం కిందికి దించకు. అది దించితే ఎవరి లాప్‌టాప్ తెరుచుకోకపోయినా అది వాళ్ళ ఖర్మ అని మనమే సంతకం పెట్టినట్టు. అలాంటి కాగితం కింద నీ పేరు నేను చూడలేను. నిన్న మెట్రోలో వస్తూ ఆలోచించాను, నా కోపం అసలు దాని మీదే.

గొంతు జాగ్రత్త. పచ్చిపులుసులో కారం తగ్గించమను అన్నయ్యను.

సౌజన్య


పుణె
ఆగస్టు 3

సౌజన్యా,

మీటింగ్ అయింది. నా ప్రతిపాదన నేనే వెనక్కి తీసుకున్నాను. నిబంధన తప్పనిసరిగానే ఉంటుంది. పాత ముక్క తిరిగి పెట్టమని చెప్పాను.

కార్తీక్ చాలాసేపు వాదించాడు. "మేడమ్, తొలి తెర తెలుగు తీసేస్తే ఈ విడుదలలో కొత్తగా ఏముందని చెప్పుకుంటాం?" అన్నాడు. తెరుచుకుంటుందని చెప్పు అన్నాను. నా గొంతు ఇంకా కీచుగా వస్తోంది, వాళ్ళకు సగం వినపడలేదు, రెండోసారి టైప్ చేసి పెట్టాల్సి వచ్చింది.

ప్రమాణాల్లో ఒక వాక్యం కలిపాను. ఇకపై ఈ పరీక్ష చేసేవాళ్ళు ముందు సెట్టింగుల్లోకి వెళ్ళి తాళం వేసి ఉందని కళ్ళారా చూడాలి, ఆ తెర ఫోటో తీసి ఫలితంతో పంపాలి. ఎవరో వేసే ఉంచి ఉంటారని అనుకోవడానికి వీల్లేదు. కార్తీక్ దీనికి శ్రీనివాస్ నిబంధన అని పేరు పెట్టాడు. అతనికి చెప్పకు, ఫ్లెక్సీ వేయించుకుంటాడు.

కొత్త కాపీ లింక్ పంపుతున్నాను. ముందు నీ మెషిన్‌కు తాళం వేసి చూడు. తరవాత హాల్‌కు తీసుకెళ్ళు. నా సంగతి అడక్కు, బాగానే ఉన్నాను. ముద్ర వస్తే చూద్దాం.

సూర్యప్రభ


చైతన్యపురి
ఆగస్టు 10

వదినా,

ఇది యాదలక్ష్మక్క హాల్‌లో కూర్చునే రాస్తున్నాను, ఆమె లాప్‌టాప్ మీదే. పైన వేసిన ఊరి పేరు నువ్వు పోల్చుకుని ఉంటావు.

పొద్దున్నే వచ్చాను. పిల్లలు చాలా తక్కువమంది ఉన్నారు. పెన్‌డ్రైవ్ పెట్టి మీట నొక్కాను, ఎర్ర పెట్టె వస్తే ఏ మొహం పెట్టుకుని మెట్లు దిగాలా అనుకుంటూ. రాలేదు. నల్లటి తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చింది, పోయింది, తంగేడు తెరుచుకుంది. అంతే. యాదలక్ష్మక్క నా భుజం మీదుగా వంగి చూసి, "గంతేనా?" అంది. గంతే అన్నాను. "గీ గంత దానికి గన్ని దినాలు తిప్పలు వెట్టిందా?" అని నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఇంకా మండుతోంది.

శ్రీనివాస్ చంపేసిన ఒకటి తప్ప అన్నిట్లోనూ వేశాను. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. కాసేపటికి హాలంతా కీబోర్డుల చప్పుడే. ఒకమ్మాయి ఏసీ హాల్‌లో ఉన్న తన రూమ్మేట్‌కు ఫోన్ చేసి, "ఇగో, మనకాడ తెలుగుల పేపర్ ఒస్తున్నదే, రాయే" అని పిలిచింది. ఆ పిల్ల మధ్యాహ్నానికల్లా పుస్తకాల సంచీతో వచ్చేసింది. యాదలక్ష్మక్క ఇప్పుడే కిందికి దిగి అందరికీ ఇడ్లీలు చెప్పి వచ్చింది.

తొలి తెర గురించి ఎవరూ అడగలేదు వదినా. అక్కడ ఏదో ఉండాలని కూడా వీళ్ళకు తెలియదు. ఒక్కో లాప్‌టాప్ లేచినప్పుడల్లా ఆ ఇంగ్లీషు వాక్యం మెరిసి పోతోంది, అందరూ దాని వెనకాల వచ్చేదాని కోసమే చూస్తున్నారు. చివరి లాప్‌టాప్ లేచేసరికి నాకు ఏడుపు ఆగలేదు. వర్షంలో వచ్చాను కదా, జలుబు చేసిందనుకుని యాదలక్ష్మక్క అల్లం టీ తెచ్చిపెట్టింది. తాగాను. ఏం చెప్పను ఆమెకు? ఇంతమందిలో నీ 'స్వ' లేదని చూసింది నేనొక్కదాన్నే.

నీ
సౌజన్య